సూది గుచ్చితే నిజం కారుతుందా?

‘సూది వేస్తే దొంగ నిజం కక్కేస్తాడంట గదా తాతా, మరి పోలీసోళ్లు అందరికీ వేయొచ్చు గదా’ అంటివి. మంచి ప్రశ్నే అబ్బీ. ముందు ఆ సూదిలో ఏముందో ఇనుకో.

అది థయోపెంటాల్ సోడియం. ఆపరేషన్‌కు ముందు మత్తు కోసం ఇచ్చేదే. ఒక్కసారిగా ఇస్తే మనిషి నిద్రలోకి జారిపోతాడు. కొంచెం కొంచెంగా నరంలోకి ఎక్కిస్తే మెలకువకూ నిద్రకూ మధ్య ఊగుతుంటాడు. ‘ఇది చెప్పొచ్చు, ఇది చెప్పగూడదు’ అని ఆచితూచి ఆలోచించే మెదడు పైపొర మందగిస్తుంది, నోరు మాత్రం ఆడుతుంటుంది. అబద్ధం అల్లాలంటే తెలివి కావాల, తెలివి తూగుతుంటే వచ్చేదంతా నిజమే అనుకున్నారు. 1922లో అమెరికాలోని టెక్సాస్‌లో రాబర్ట్ హౌస్ అనే కాన్పుల డాక్టరు స్కోపోలమైన్ అనే ఇంకో మందుతో ఖైదీల మీద ఈ ముచ్చట మొదలుపెట్టినాడు.

తిరకాసు ఏందంటే, ఆ మత్తులో పోయేది అబద్ధమాడే తెలివి ఒక్కటే కాదు. ఏది జరిగింది, ఏది కలగన్నాం అని తేల్చుకునే తెలివీ పోతుంది. ‘కత్తి బాయిలో వేసినావా?’ అని నాలుగుసార్లు అడిగితే ‘ఆ, బాయిలోనే’ అంటాడు. ప్రొద్దుటూరు అంగట్లో బంగారాన్ని గీటురాయి మీద గీసి తేలుస్తారు. మనిషి మాటకు అట్లాంటి రాయి ఇంకా పుట్టలేదు.

మన జిల్లాలోనే జరిగింది చూడు. 2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి ఆయన ఇంట్లోనే హత్యకు గురైనారు. 2020లో హైకోర్టు ఆ కేసును సీబీఐకి అప్పజెప్పింది. 2021లో సీబీఐ వాళ్లు ఒక నిందితునికి ఈ సూది వేసి అడిగే నార్కో పరీక్షకు అనుమతి కావాలని జమ్మలమడుగు కోర్టుకు పోయినారు. నిందితుడు ఒప్పుకోలేదు. కోర్టు కుదరదనింది.

ఢిల్లీ నుంచి వచ్చిన అంత పెద్ద సంస్థను తాలూకా కోర్టు ఆపగలిగిందంటే దాని వెనక రాజ్యాంగం 20వ అధికరణం ఉంది. నేరం మోపబడినవాణ్ణి తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టగూడదని అందులో రాసిపెట్టినారు. ఎమర్జెన్సీ అనుభవం తర్వాత 1978లో 44వ సవరణ చేసినారు, దాంతో అత్యవసర పరిస్థితిలో గూడా ఈ హక్కును పక్కనబెట్టే వీల్లేదు. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు దీన్నే పట్టుకుని, మనిషి ఒప్పుకోకుండా నార్కో గానీ, లై డిటెక్టర్ గానీ, బ్రెయిన్ మ్యాపింగ్ గానీ చేయగూడదని తేల్చింది. ఒప్పుకుంటే ఆ మాట మేజిస్ట్రేటు ముందర చెప్పాల, పక్కన లాయరు ఉండాల. అప్పుడు గూడా మత్తులో అన్న మాటలు సాక్ష్యం కావు. ఆ మాటల ఆధారంగా కత్తి దొరికితే అది మాత్రం పనికొస్తుంది.

‘మరి వేలిముద్రలు తీసుకుంటారే?’ అంటావేమో. వేలిముద్ర నోటిమాట కాదు, మెదడులోంచి లాగేది కాదు. దాన్ని తీసుకోవచ్చని 1961లోనే పదకొండు మంది జడ్జీలు కూర్చుని చెప్పినారు.

నన్నడిగితే ఈ అడ్డు పోలీసులకే మంచిది. సూది చేతిలో ఉంటే రక్తపు మరకలు, ఫోన్ లెక్కలు వెతుక్కుంటూ తిరిగే ఓపిక ఎవరికుంటుంది? బీహార్‌లో ఒక కేసులో అదే అయింది. నిందితులందరికీ నార్కో చేయిస్తామని పోలీసులంటే, బెయిల్ విచారణలో పాట్నా హైకోర్టు సరేననింది. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ‘నేనే చేయించుకుంటా’ అని నిందితుడు అడిగితే? అడగొచ్చు, కోర్టు ఆలోచిస్తుంది. చేసి తీరాలని పట్టుబట్టే హక్కు మాత్రం ఆయనకూ లేదంట.