బొమ్మల్లో దొరికిన దేవుడు

నవవిధ భక్తి మార్గాలలో మొదటిది శ్రవణం. తల్లి గర్భంలో ఉండగానే ప్రహ్లాదుడు నారదుని ఉపదేశాన్ని ఆలకించాడని భాగవతం చెబుతోంది. చండామార్కుల బడిలో అడుగుపెట్టక ముందే, ఒక్క అక్షరం దిద్దక ముందే ఆయనకు హరికథ మీద మక్కువ కలిగింది. ఇంత పెద్ద ఉదాహరణను ఒక చిన్న విషయానికి తెచ్చామని పెద్దలు నొచ్చుకోకుంటే ఒక మాట చెప్పాలి. బొమ్మల కథల పుస్తకాల మీద అభిమానం కూడా చాలామందిలో ఈ దారినే పుడుతుంది. దానిని చదివి తెచ్చుకున్నవారికన్నా విని తెచ్చుకున్నవారే ఎక్కువ.

నడివయసు దాటిన తరువాత కూడా ఆ పుస్తకాలను అట్టలు వేసి దాచుకునేవారిని కదిపి చూడండి. మొట్టమొదట చదివిన పుస్తకం పేరు వారు చెప్పలేకపోవచ్చు. ఎవరి ఒడిలో కూర్చుని విన్నారో మాత్రం తప్పక చెబుతారు. అమ్మమ్మో, బాబాయో, సెలవులకు వచ్చిన పెద్దత్త కూతురో పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుతుంటే, అక్షరం రాని ఆ పసివాడి కళ్లు బొమ్మ మీద నిలిచిపోతాయి. చదివేవారు నిద్రమత్తులో రెండు వాక్యాలు దాటవేస్తే వాడే పట్టుకుంటాడు. ‘ఇక్కడ జటాయువు ఉన్నాడుగా, చెప్పలేదేం?’ అని నిలదీస్తాడు. చదువు రానివాడు చదివేవారిని దిద్దడం విచిత్రమే. కానీ బొమ్మ చూడగల కన్ను వాడికి అప్పటికే ఏర్పడింది.

ఆ కన్ను చేసే పని సామాన్యమైనది కాదు. సముద్ర లంఘనాన్నే తీసుకుందాం. ఒక గడిలో హనుమంతుడు మహేంద్రగిరి మీద పాదాలు అదిమి, చెవులు రిక్కించి, తోక పైకెత్తి నిలిచి ఉంటాడు. పక్క గడిలో ఆయన ఆకాశంలో ఉన్నాడు. కింద సముద్రం, అలల మీద ఆయన నీడ. మరి ఎగరడం ఎక్కడ జరిగింది? చిత్రకారుడు దానిని గీయలేదు. రెండు గడుల నడుమ ఉన్న ఆ సన్నని తెల్లని చారలో, చూస్తున్న పిల్లవాడి మనసులో జరిగింది. వాడే హనుమంతుణ్ణి లంకకు దాటించాడు. ఒకసారి అలా దాటించినవాడు ఆ పుస్తకాన్ని మళ్లీ మళ్లీ తెరవకుండా ఉండలేడు. చదివి వినిపించమని ఎంతకాలం బతిమాలుతాడు? ఆ అవస్థ పడలేకే అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టినవారు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు.

పటం విప్పి కథ చెప్పిన నేల

ఈ పద్ధతి అచ్చు యంత్రంతో మన దగ్గరకు వచ్చిందనుకోనక్కరలేదు. సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు తరతరాలుగా వేస్తున్న పటాలను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. గంజి పట్టించిన నూలు గుడ్డ మీద సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపి పూత పూసి, ఎర్రని నేల పరచి, పూల అంచులతో గడులు విడదీసి కథ మొత్తం గీస్తారు. మూడడుగుల వెడల్పు ఉండే ఆ పటం పొడవు కథను బట్టి పదుల అడుగులు సాగుతుంది. ఊరి నడుమ దానిని వేలాడదీసి, ఒక్కొక్క అర విప్పుతూ కథకుడు పాడతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, జాంబపురాణం చెప్పే డక్కలివారు, గౌడ పురాణం చెప్పేవారు, ఇలా ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, దానికి తగిన పటం. రాత్రి సగం గడిచేసరికి పటం ఇంకా సగం చుట్ట చుట్టుకునే ఉంటుంది. తరువాతి బొమ్మ ఏమై ఉంటుందో అన్న ఆరాటంతోనే పిల్లలు నిద్ర ఆపుకుని కూర్చునేవారు. నేడు మనం ‘తరువాయి భాగం’ అని అచ్చువేస్తున్న దానికి ఆ చుట్టే పూర్వరూపం.

శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాల తీరు మరొకటి. నడుమ పట్టాభిషేకమో, మరో ప్రధాన ఘట్టమో పెద్దదిగా ఉంటుంది. చుట్టూ వరుసలు వరుసలుగా చిన్న గడుల్లో కథ నడుస్తుంది. గడికి ఆనుకుని ఏ ఘట్టమో తెలుగులో రాసి ఉంటుంది. వెదురు కలంతో, వనమూలికల రంగులతో గీసిన ఇటువంటి 19వ శతాబ్దపు రామాయణ వస్త్రం ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉంది. దేవాలయంలో వేలాడదీసేందుకు పుట్టిన ఆ గుడ్డను ఎవరైనా బొమ్మల పుస్తకమని పిలిస్తే కాదనడం కష్టం. బొమ్మ, గడి, కింద రాత, ఏదీ తక్కువ కాలేదు.

లేపాక్షి వీరభద్రాలయానికి వెళ్లినవారు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, బసవన్న ముందు ఫోటో దిగి వచ్చేస్తుంటారు. ఒక్కసారి తల పైకెత్తితే బాగుండును. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం ఆ పైకప్పు మీద రంగుల్లో నడుస్తుంటాయి. మనునీతి చోళుని కథ కూడా అక్కడే ఉంది. రాకుమారుని రథం కింద పడి దూడ మరణించింది. తల్లి ఆవు వచ్చి ధర్మగంట మోగించింది. రాజు కన్నకొడుకుకే శిక్ష విధించాడు. 16వ శతాబ్దంలో ఆ మండపంలో నిలబడిన నిరక్షరాస్యునికి ఆ కథ అర్థం కావడానికి కావలసిందల్లా, పక్కన నిలబడి వేలు చూపించే మనిషి.

ఆ వేలు, ఆ గొంతు ఎన్నడూ బొమ్మను విడిచిపెట్టలేదని గమనించాలి.

చందమామ వాకిట్లో

స్వాతంత్ర్యానికి ఒక నెల ముందు, 1947 జూలైలో, బి.నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి ‘చందమామ’ను తెలుగు, తమిళ భాషలలో వెలువరించారు. గడులు కట్టిన కామిక్స్ పుస్తకం కాదది. వచన కథే ప్రధానం. అయినా దాదాపు ప్రతి పుటలోనూ బొమ్మ ఉండేది. చదవడం రానివాడు కూడా పుటలు తిప్పుతూ కథ నడకను ఊహించుకోగలిగేవాడు. తెలుగునాట బొమ్మల కథల అభిమానానికి అక్షరాభ్యాసం అక్కడే జరిగిందంటే అతిశయోక్తి కాదు.

1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు కొడవటిగంటి కుటుంబరావు ఆ పత్రిక సంపాదక బాధ్యత వహించారు. అభ్యుదయ రచయితగా, హేతువాదిగా పేరుపొందిన వ్యక్తి మన పిల్లలకు పురాణ కథలను అంత నిండైన, సూటి తెలుగులో అందించడం ఆలోచించదగిన విషయం. కథ పట్ల గౌరవం ఉంటే చాలు, అది వినేవారికి చేరుతుంది కాబోలు. ఎం.టి.వి.ఆచార్య గీసిన మహాభారత దృశ్యాలు, ‘చిత్రా’ గీతలు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు ఇళ్లలో గోడలకెక్కాయి. శ్మశానంలో కత్తి చేతపట్టి, భుజాన శవాన్ని మోసుకుంటూ నడిచే విక్రమార్కుణ్ణి చూసి భయపడని బాల్యం ఆ తరంలో అరుదు. భయపడుతూనే మరుసటి నెల కోసం ఎదురుచూశారు. ఆ బొమ్మ గీసిన శంకర్ 2020లో, 96 ఏళ్ల వయసులో పరమపదించారు. మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు.

కౌసల్య పేరు తెలియని పిల్లలు

కర్ణాటకలోని కార్కళలో 1929లో జన్మించిన అనంత్ పాయ్, బొంబాయిలో ఇంద్రజాల్ కామిక్స్ పనిలో ఉండేవారు. 1964లో మొదలైన ఆ పుస్తకాలలో నాయకుడు ఫాంటమ్. ముసుగు వేసుకుని అడవిలో తిరిగే ఆ విదేశీ వీరుని కోసం పిల్లలు ఎలా ఎగబడుతున్నారో ఆయన దగ్గరుండి చూశారు. 1967లో ఢిల్లీలో ఒక టెలివిజన్ ప్రశ్నోత్తర కార్యక్రమం ఆయన కంటపడింది. గ్రీకు పురాణాల మీద ప్రశ్నలకు ఠక్కున జవాబిచ్చిన పిల్లలు శ్రీరాముని తల్లి ఎవరంటే నోరు మెదపలేకపోయారట. ఈ సంగతి ఆయనే పలుమార్లు చెప్పుకున్నారు.

మరొకరైతే పిల్లల చేతిలోని కామిక్స్ లాగేసి రామాయణం పారాయణ చేయించేవారేమో. పాయ్ అలా చేయలేదు. ఫాంటమ్‌ను ప్రేమించిన కన్నుకు అదే రూపంలో కృష్ణుణ్ణి చూపించాలని సంకల్పించారు. ఇండియా బుక్ హౌస్ ప్రచురించిన ‘అమర్ చిత్ర కథ’ వరుసలో తొలి పది పుస్తకాలు పాశ్చాత్య కథలు. పదకొండవది ‘కృష్ణ’. కథ పాయ్‌ది, బొమ్మలు రామ్ వయీర్కర్‌వి. ఆ తరువాత వందలాది కథలు వచ్చాయి. తిరుపతి కథ, తెనాలి రామకృష్ణుని కథ, కృష్ణదేవరాయల కథ వాటిలో చేరాయి. మహాభారతాన్ని 1980లలో 42 సంచికలుగా విస్తరించారు. 2011లో పాయ్ మరణించేనాటికి ఆయన దేశంలోని పిల్లలందరికీ ‘అంకుల్ పాయ్’.

రైలు ప్రయాణంలో కొన్న పుస్తకం బంధువుల ఇంటికి, అక్కడినుంచి పక్కవీధికి చేరేది. చేతులు మారేకొద్దీ ముందు అట్ట, తరువాత మొదటి నాలుగు పుటలు రాలిపోయేవి. దానితో కథ నడిమధ్యన మొదలయ్యేది. అభిమన్యుడు అప్పటికే పద్మవ్యూహంలో ఉన్నాడు. లోపలికి ఎందుకు వెళ్లాడో, బయటకు రావడం ఎందుకు తెలియదో ఎవరినైనా అడగాల్సిందే. తాతయ్యను అడిగితే ఆయన సుభద్ర గర్భం దగ్గర కథ ఎత్తుకునేవారు. చిరిగిన పుస్తకం కూడా ఇంత మేలు చేస్తుందని ప్రచురించినవారు ఊహించి ఉండరు.

మొదటి రూపం

ఇంతవరకు అంతా బాగున్నట్టే ఉంది. కానీ పసితనంలో చూసిన రూపం జీవితాంతం చెరగదు. శాస్త్రం ప్రతి దేవతకూ ఒక ధ్యానశ్లోకం ఇచ్చింది. రంగు, ఆయుధం, ఆసనం, చిరునవ్వు అన్నీ మాటలతో చెప్పి, రూపాన్ని మాత్రం ఉపాసకుని మనసుకు వదిలిపెట్టింది. బొమ్మల పుస్తకం అలా వదలదు. అరవై ఏళ్ల వయసులో కళ్లు మూసుకుని ధ్యానానికి కూర్చున్నవారికి చిన్నప్పుడు చూసిన పుస్తకంలోని కృష్ణుడే, ఆ నీలం రంగులోనే, ఆ పసుపు పట్టుబట్టలోనే సాక్షాత్కరిస్తాడు. ఇది అదృష్టమే. అయితే ఆ పుస్తకంలో కృష్ణుడొక్కడే లేడు గదా.

ద్రౌపదికి కృష్ణ అని పేరు. ఆమె శరీరఛాయను బట్టి వచ్చిన పేరది. వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు. అర్జునుని పేర్లలోనూ కృష్ణ ఉంది. రాముడు నీలమేఘశ్యాముడు. మన ఇతిహాసాలలో పూజ్యులు ఇందరు నల్లనివారు. మరి బొమ్మల పుస్తకాల్లోని ద్రౌపది ఎందుకు తెల్లగా ఉంటుంది? రాక్షసుడు కనిపించగానే ముదురు గోధుమ రంగు, మొద్దు ముక్కు ఎందుకు వస్తాయి? అమర్ చిత్ర కథ మీద పరిశోధకులు చాలాకాలంగా చేస్తున్న విమర్శ ఇది. ఇందులో నిజముంది. కథ ధర్మాధర్మాల గురించి చెబుతుంటే బొమ్మ ఒంటిరంగు గురించి మరేదో చెబుతోంది. అక్షరం రానివాడు ఆ రెండవదానినే ముందుగా నేర్చుకుంటాడు. నల్లగా పుట్టిన ఆడపిల్ల ఆ పుస్తకంలో తన రంగును ఎవరి ఒంటి మీద చూసుకుంటుందో ఆలోచిస్తే మనసు చివుక్కుమంటుంది.

పక్కన చదివి వినిపించే మనిషి విలువ ఇక్కడే తెలుస్తుంది. ‘ద్రౌపది నల్లని పిల్ల తల్లీ, అందుకే కృష్ణ అన్నారు, బొమ్మ వేసినాయన మరచిపోయాడు’ అని ఒక్క మాట అనగల అమ్మమ్మ ఉంటే ఆ బొమ్మ దోషం సగం తీరిపోతుంది. చేర్యాల పటం ముందు నిలబడిన కథకుడు ఆ పనే చేసేవాడు. శ్రోతల ముఖాలు చూసి కథ పెంచేవాడు, తగ్గించేవాడు, అడిగినదానికి బదులిచ్చేవాడు. 2010 దశకం తొలి ఏళ్లలో చందమామ ఆగిపోయింది. అమర్ చిత్ర కథలు ఇప్పుడు ఫోను తెర మీద కూడా లభిస్తున్నాయి. కొత్త తరం అక్కడ అభిమానులవుతుందనడంలో సందేహం లేదు. తెర దగ్గర కూర్చున్న బిడ్డ పక్కన ఎవరున్నారన్నదే ప్రశ్న. నాలుగేళ్ల బిడ్డకు ఫోను అందించి వంటింట్లోకి వెళ్లిపోతే బొమ్మ చెప్పినదే వేదమవుతుంది.

ఇలా బొమ్మలు పట్టుకుని పెరిగినవారిలో కొందరు ఏదో ఒకనాడు పోతన భాగవతం తెరుస్తారు. గజేంద్రుని మొర, మొసలి, చక్రం వారికి బొమ్మల్లో తెలిసినవే. వైకుంఠం నుంచి బయలుదేరే ఘట్టం దగ్గరికి వచ్చేసరికి పోతనగారు ఒక్కొక్క గడినే గీసినట్టు కనిపిస్తారు. స్వామి ముందు, ఆయన వెనుక లక్ష్మి, ఆమె వెనుక అంతఃపుర స్త్రీలు, ఆ వెనుక గరుడుడు, వారి వెంట శంఖచక్రాది ఆయుధాలు, పరుగు పరుగున ఆకాశమంతా నిండిపోతుంది. చిన్నప్పటి పుస్తకంలో స్వామి తీరుగా గరుడవాహనం ఎక్కి, చక్రం ధరించి వచ్చాడు. పోతన చూసిన స్వామికి అంత తీరిక లేదు. ఆయన చేతిలో ఇంకా అమ్మవారి పైటకొంగు ఉంది, విడిచిపెట్టాలన్న ధ్యాస కూడా లేదు. చదువుతున్నవారు ఆగి, పాత పుస్తకం వెతికి తీసి, ఆ బొమ్మలో కొంగు ఉందేమోనని మరోసారి చూస్తారు.