పిల్లి ఎందుకు గీరుతుంది?

తడి మట్టి మీద కుక్క అడుగులనూ, పిల్లి అడుగులనూ పోల్చి చూడండి. కుక్క అడుగులో వేళ్ళ ముందు గోళ్ళ గుర్తులు చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. పిల్లి అడుగులో అవి ఉండవు. మరి పిల్లికి గోళ్ళు లేవా? ఎందుకు లేవు! ముందు కాళ్ళకు అయిదేసి, వెనుక కాళ్ళకు నాలుగేసి, మొత్తం 18 ఉన్నాయి. నడిచేటప్పుడు వాటిని లోపలికి ముడుచుకుంటుంది, అంతే.

పిల్లి వేలి చివరి ఎముకను సాగే గుణం గల ఒక బంధనం రబ్బరు బ్యాండులా వెనక్కి లాగి ఉంచుతుంది. ఎలుక మీదికి దూకేటప్పుడూ, చెట్టెక్కేటప్పుడూ కండరాలు బిగుసుకుంటాయి. అప్పుడు గోళ్ళు ఒరలోని కత్తుల్లా బయటికి వస్తాయి. పులి, చిరుతపులి గోళ్ళూ ఇలాంటివే.

ఇంత చక్కని గోళ్ళతో పిల్లి చాపనూ, తలుపునూ ఎందుకు గీరుతుంది? అల్లరి కోసం కాదు. దీనికి మూడు కారణాలున్నాయి. మొదటిది, గోరు కెరాటిన్ అనే పదార్థంతో పొరలు పొరలుగా పెరుగుతుంది. గీరినప్పుడు అరిగిన పై తొడుగు ఊడిపోయి, కింద కొత్త మొన బయటపడుతుంది. పిల్లి గీరే చోట వెతికితే ఈ తొడుగులు మీకు దొరకవచ్చు. రెండవది, నిద్ర లేవగానే ఒళ్ళు విరుచుకోవడానికి ఇది మంచి వ్యాయామం. మూడవది, పాదాల్లోని గ్రంథుల వాసన గీరిన చోట అంటుకుంటుంది. ‘ఇది నా చోటు’ అని మిగతా పిల్లులకు చెప్పడం అన్నమాట. అడవిలో పులి చెట్టు బెరడు మీద పెట్టే గీతల అర్థమూ ఇదే.

కొన్ని దేశాలలో కుర్చీలు చిరిగిపోతున్నాయని పిల్లి గోళ్ళను శస్త్రచికిత్సతో తీసేయించే అలవాటు ఉంది. ఇది మనం గోళ్ళు కత్తిరించుకోవడం లాంటిది కాదు. పిల్లి గోరు చివరి ఎముక నుంచే పెరుగుతుంది. కాబట్టి గోరు మళ్ళీ రాకుండా చేయాలంటే ఆ ఎముకనే కోసెయ్యాలి. మన వేళ్ళను చివరి కణుపు దగ్గర నరికినట్టే! అలాంటి పిల్లికి నడిస్తే నొప్పి. కుక్క తరిమితే చెట్టెక్కడం కష్టం. గోళ్ళు లేవు గనుక భయమేస్తే కరవడం మొదలు పెట్టవచ్చు. అందుకే ఇజ్రాయెల్ 2011లోనూ, అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 2019లోనూ దీన్ని నిషేధించాయి. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువును అంగవిహీనం చేయడం నేరం.

మరి ఏం చేయాలి? గీరడం మాన్పించలేము. గీరే చోటు మాత్రం మార్చవచ్చు. పిల్లి వెనుక కాళ్ళ మీద నిలబడి పూర్తిగా సాగగలిగేంత ఎత్తయిన కర్ర ముక్కను తీసుకోండి. దానికి తాడు బిగించి చుట్టి, కదలకుండా నిలబెట్టండి. తూర్పు కనుమల మన్యంలోని అడ్డతీగలను చూడండి. ఆ ఊరి పేరులోనే అడ్డతీగ ఉంది. శాస్త్రజ్ఞులు దీన్ని బౌహీనియా వాహ్లీ అంటారు. చెట్లను చుట్టుకొని పైకెగబాకే పెద్ద తీగ ఇది. దీని ఆకులతో విస్తళ్ళు కుడతారు, బెరడు నారతో తాళ్ళు పేనుతారు. అలాంటి నారతాడు పిల్లికి బాగా సరిపోతుంది. అది దొరకని చోట కొబ్బరితాడు చాలు.

ఆ కర్రను పిల్లి పడుకునే చోటికి దగ్గరగా ఉంచండి. దాన్ని గీరినప్పుడు కొంచెం చేపముక్క పెట్టండి. కుర్చీని గీరితే కొట్టవద్దు. కొడితే మిమ్మల్ని చూసి భయపడుతుందే తప్ప గీరడం మానదు. కొన్నాళ్ళపాటు కుర్చీ మీద ఏదైనా కప్పి ఉంచండి. పిల్లితో ఆడేటప్పుడు చేతిని కాకుండా, దారానికి కట్టిన గుడ్డపేలికను ఆడించండి.

గోళ్ళు మరీ వాడిగా ఉంటే పెద్దలు వాటి కొసలను మాత్రం కత్తిరించవచ్చు. గోరు లోపల గులాబీరంగు భాగంలో రక్తనాళమూ, నరమూ ఉంటాయి. దాన్ని తాకకూడదు.

ఒక్క జాగ్రత్త! పిల్లి గీరినా, కరిచినా వెంటనే ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. దాచిపెట్టకుండా ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ టీకా అవసరమో కాదో డాక్టరు చెబుతారు.

ఇక మీరే ఒక పరీక్ష చేయండి. తాడు చుట్టిన కర్రను ఒకటి నిలబెట్టి, ఇంకొకటి నేల మీద పడుకోబెట్టి ఉంచండి. మీ పిల్లి దేన్ని ఎన్నిసార్లు గీరిందో వారం రోజులు రాసుకోండి. దానికి ఏది ఇష్టమో మీకే తెలుస్తుంది.