చమురు క్షేత్రాలలో ఛాయాచిత్రణం

మనలో చాలామందికి పెండ్లి పందిరిలోని ఛాయాచిత్రకారుడే పరిచితుడు. వెలుతురు చాలకపోతే అతడు ఫ్లాష్ వెలిగిస్తాడు. మనం రెప్పలార్చి నవ్వుకొంటాము. అదే ఫ్లాష్ చమురు శుద్ధి కర్మాగారంలో అనుమతి లేకుండా వెలిగితే ప్రాణాలకు ముప్పు. కారణమేమో పరిశీలిద్దాము.

సహజవాయువులో ప్రధానమైన మీథేన్, గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్ల వరకు కలిసినప్పుడు అంటుకొంటుంది. అప్పుడు దానిని రగిలించడానికి కావలసిన శక్తి అత్యల్పం. 100 గ్రాముల బరువును ఒక మీటరు ఎత్తు లేపడానికి పట్టే శక్తిలో వేయవ వంతు కూడా అక్కరలేదు. ఫ్లాష్ పరికరమో, కొన్ని వందల వోల్టుల విద్యుత్తును తనలో నిలువ చేసుకొంటుంది. అందులో ఒక రవ్వ పుట్టి వెలుపలి వాయువును తాకితే చాలును.

ఈ చిక్కు కొత్తది కాదు. బొగ్గు గనులలో దీపపు మంట ఎందరినో బలిగొన్నది. 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగవల అమర్చాడు. వల వేడిని పీల్చుకొనడంవల్ల జ్వాల వెలుపలికి పాకదు. నేడు ప్రమాదస్థలాలకై ప్రత్యేకంగా చేసిన కెమెరాల లక్ష్యమూ అదే: రవ్వ పుట్టినా వాయువును రగిలించరాదు.

అటువంటి కెమెరా లేనివాడు ముందుగా ‘హాట్ వర్క్ పర్మిట్’ అనే అనుమతి పత్రం పొందవలెను. వాయువు లేదని మాపకంతో పరీక్షించిన తరువాతనే లోపల అడుగు పెట్టవలెను. నైలాన్ దుస్తులు పనికిరావు. అవి రాపిడికి విద్యుదావేశం పుట్టిస్తాయి, మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకొంటాయి. నేర్పరి అయినవాడు ప్రమాదపు హద్దుకు ఆవల ముక్కాలిపీటపై కెమెరా నిలిపి, దూరదృశ్యపు కటకంతో, సంధ్యవేళ కొన్ని సెకండ్లపాటు వెలుతురును గ్రహిస్తాడు. ఆకాశపు చివరి కాంతీ, గోపురాల దీపాలూ సరితూగే ఆ కొద్ది సమయంలో ఫ్లాష్‌తో పనిలేదు.

యంత్రాల నడుమ మనిషిని మరువరాదు. 1943లో న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ సంస్థ రాయ్ స్ట్రైకర్‌కు తన చిత్రశాఖను అప్పగించినది. ఆయన పంపిన గోర్డన్ పార్క్స్, ఎస్తర్ బబ్లీ మొదలైనవారు బావులతోపాటు పనివారి జీవితాన్నీ చిత్రించారు. అయితే ముఖం స్పష్టంగా కనబడాలని పనివాని శిరస్త్రాణం తీయించరాదు. గోడకెక్కిన ఆ చిత్రమే రేపు కొత్తవానికి తప్పు పాఠం నేర్పుతుంది.

కోనసీమవారికి ఈ మాటల విలువ తెలుసును. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుండి లేచిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గొట్టం నుండి వెలువడిన వాయువు అంటుకొని 20 మందికి పైగా మరణించారు.

మన వంటయింటికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. గ్యాసు వాసన వచ్చినప్పుడు స్విచ్చి వేయరాదు, వెలుగుతున్నదానిని ఆర్పనూ రాదు. రెండింటిలోనూ రవ్వ పుట్టగలదు. రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు, కిటికీలు తెరచి, అందరినీ వెలుపలికి తెచ్చిన పిదపనే ఫోను చేయవలెను. చిత్రకారుని మొదటి పాఠమూ, గృహిణి మొదటి పాఠమూ ఒకటే: ముందు వాయువు సంగతి, తరువాతనే వెలుతురు.