పాథాలజీలో డాక్టరేట్: అపోహలు – వాస్తవాలు

పాథాలజీలో ఎం.డి. చేసినవారికి పరిశోధన డాక్టరేట్ ఉన్నట్లేననీ, పీహెచ్‌డీ పొందినవారు బయాప్సీ నివేదికపై సంతకం చేయవచ్చుననీ చదువుకున్నవారు సైతం నమ్ముతుంటారు. భారతదేశంలో ఈ రెండూ వేర్వేరు ప్రయోజనాలకు ఏర్పడిన పట్టాలు. ఎం.బి.బి.ఎస్. తరువాత నీట్-పీజీ ద్వారా చేరి మూడేళ్లు చదివే ఎం.డి., కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించి వ్యాధిని నిర్ధారించే వైద్యునిగా అభ్యర్థిని తీర్చిదిద్దుతుంది. పీహెచ్‌డీ మాత్రం వ్యాధి పుట్టుక, పెరుగుదలల గురించి అంతవరకు తెలియని విషయాన్ని ఆధారాలతో స్థాపించగలిగినవారికి దక్కే పరిశోధన పట్టా. ప్రయోగశాల నివేదికలపై పాథాలజీలో స్నాతకోత్తర అర్హత గల నమోదిత వైద్యులే సంతకం చేయాలని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. శస్త్రచికిత్స చేయాలా వద్దా అన్నది ఆ నివేదికపైనే ఆధారపడే సందర్భాలు ఎన్నో ఉన్నందున, ఈ తేడాను రోగులు తెలుసుకోవడం అత్యవసరం.

ఎం.డి. సిద్ధాంత వ్యాసానికి, అంటే థీసిస్‌కు, మార్కులు ఉండవు కాబట్టి అది లాంఛనమేనన్న మాట కూడా సరికాదు; దానికి ఆమోదం లభించనిదే అభ్యర్థిని తుది పరీక్షకు అనుమతించరు.

ఎం.బి.బి.ఎస్. లేనివారికి పీహెచ్‌డీ అందదన్నది మరో అపోహ. సంబంధిత జీవశాస్త్రాలలో ఎమ్మెస్సీ చేసినవారిని చేర్చుకునే సంస్థలు ఉన్నాయి.

మూడేళ్లు గడిస్తే పీహెచ్‌డీ వచ్చేస్తుందన్న అభిప్రాయం అభ్యర్థులకు ఎక్కువ నష్టం చేస్తోంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మూడేళ్లు కనిష్ఠ కాలం, ఆరేళ్లు సాధారణ గరిష్ఠ కాలం. ఆ వ్యవధిలో పరిశోధన పద్ధతులు, ప్రచురణ నైతికత వంటి అంశాలతో కూడిన కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ పూర్తి చేసి, సలహా సంఘం ఎదుట ఎప్పటికప్పుడు పురోగతిని వివరించి, మార్గదర్శకుడే కాక బయటి సంస్థలకు చెందిన కనీసం ఇద్దరు పరీక్షకులు కూడా థీసిస్‌ను అంగీకరించాక, మౌఖిక పరీక్షలో దానిని సమర్థించుకోవాలి. పత్రికలో వ్యాసం ప్రచురించాలన్న 2016 నాటి షరతును ఈ నిబంధనలు తొలగించినా, ఏ విశ్వవిద్యాలయమైనా తనంతట తానుగా దానిని కోరవచ్చు.

ఆసుపత్రిలో పారఫిన్ దిమ్మెలలో, అంటే మైనంలో భద్రపరచిన పాత కణజాలాన్ని పరిశోధకులు ఇష్టానుసారం వాడుకోవచ్చుననుకోవడం వీటన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం మానవ కణజాలంపై పరిశోధనకు నైతిక సంఘం పరిశీలన అవసరం. రోగి వివరాలు తొలగించిన మిగులు నమూనాల విషయంలో సమ్మతి నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు గాని, ఆ నిర్ణయం తీసుకోవలసింది నైతిక సంఘమే, పరిశోధకుడు కాదు.