ఉండలు కట్టిన చుక్కగాలి

రండర్రా, ఇలా అరుగు మీదికి వచ్చి కూర్చోండి. ఇందాక చారు పొంగి పొయ్యి మీద చిందగానే నీలం మంట కాస్తా భగ్గుమని పసుప్పచ్చగా అయింది, చూశారా? అది ఉప్పులోని సోడియం చేసే పని. వేడెక్కితే ఆ పసుపు వెలుగే ఇస్తుంది, ఎరుపు ఇవ్వమన్నా ఇవ్వదు. ప్రతి మూలకానికీ ఇలా తనవంటూ కొన్ని రంగులుంటాయి. విరిగిన చేతికి ఫొటో తీసే ఎక్స్ కిరణాల్లోనూ అంతే. వాటి శక్తిని కొలిచి, 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక గీత లేచిందంటే అక్కడ ఇనుముందని చెప్పేయొచ్చు. ఎంత దూరమైనా సరే!

శివరాత్రి జాగారం నాడు అగస్త్య నక్షత్రాన్ని చూపించాను, గుర్తుందా? దక్షిణం వైపు తిరిగి నిలబడితే దానికి ఎడమగా, కాస్త పైన తెరచాప రాశి ఉంటుంది. అక్కడ వేలా ఎక్స్-1 అని ఒక జంట ఉంది. పెద్దది సూర్యుడికి ఇరవై రెట్లు పైబడిన నీలి చుక్క. చిన్నది న్యూట్రాన్ నక్షత్రం. అడ్డంగా పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు, అంటే మనూరి నుంచి సైకిలు మీద ఒక పూటలో దాటేయొచ్చు. బరువు మాత్రం సూర్యుడికంటే ఎక్కువే! పెద్దదాని చుట్టూ దాదాపు 9 రోజులకోసారి తిరిగొస్తుంది.

తూర్పారబట్టేటప్పుడు చేటలోంచి పొట్టు ఎగిరినట్టు, ఆ నీలి చుక్క తన ఒంటి మీది పదార్థాన్ని గాలిగా ఎగరేస్తూనే ఉంటుంది. అందులో కొంత చిన్నదాని మీద పడి, విపరీతంగా వేడెక్కి ఎక్స్ కిరణాలు చిమ్ముతుంది. అవి చుట్టూ ఉన్న గాలిని తాకితే అందులోని ఇనుము, సిలికాన్, గంధకం దేని వెలుగు అది ఇస్తాయి. కానీ లారీ హెడ్‌లైటు ముందు మిణుగురులు కనిపిస్తాయట్రా? అందుకే గ్రహణం కోసం కాచుకోవాలి. ప్రతి చుట్టులోనూ రెండు రోజులకు కాస్త తక్కువసేపు చిన్నది పెద్దదాని చాటుకు పోతుంది. అప్పుడు బయటపడతాయి మిణుగురులు.

ఎక్స్ కిరణాలు మన గాలి పొర దాటి నేలకు రావు. కనుక పరికరాలే పైకి వెళ్లాలి. 1999లో అమెరికా వాళ్లు పంపినదానికి మన శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు మీదే ‘చంద్రా’ అని పెట్టారు. మన శ్రీహరికోట నుంచి 2015లో ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ వెళ్లాయి. ఆ మాట చెబుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

గ్రహణం వేళ చంద్రా చూస్తే సిలికాన్ రెండు రకాలుగా కనిపించింది. ఆ సెగకు ఎలక్ట్రాన్లు దాదాపు అన్నీ ఊడిపోయినది ఒకటి, సెగ తగలక చాలామట్టుకు నిలుపుకున్నది ఇంకొకటి. ఒకే గాలిలో అంత వేడీ, ఇంత చల్లదనమూ ఎలా? అమ్మడూ, పొద్దున్న నీ పళ్లెంలోకి ఉప్మా ఉండ ఒకటి వచ్చింది కదా. పైన పొగలు కక్కుతోంది, వేలితో చిదిమితే లోపల తెల్లగా పొడి రవ్వ రాలింది. ఆ చుక్కగాలీ అలాగే ఉండలు కట్టి ఉంది తల్లీ! ఉండల మధ్య పలచటి గాలి కాగిపోతుంది, దట్టమైన ఉండ లోపలికి ఆ సెగ ఎక్కదు.

ఏంట్రా బుజ్జీ, కంటికి కనిపిస్తుందా అనా? నీలి చుక్క కొద్దిలో తప్పిపోతుంది గానీ బైనాక్యులర్స్‌కు దొరుకుతుంది. వచ్చే శివరాత్రికి ఎలాగూ చీకటే కదా, డాబా ఎక్కుదాం.