రైలు దగ్గరవుతున్నది, ఇల్లు దూరమవుతున్నది

కోలారు బంగారు గనుల ప్రాంతంలోని మారికుప్పం స్టేషను నుండి తెల్లవారుజామున బెంగుళూరుకు బయలుదేరే రైళ్ళు బంగారుపేట దాటేసరికి కిక్కిరిసిపోతాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడిన తరువాత అక్కడి తమిళ, తెలుగు, కన్నడ కుటుంబాలలో అనేకులకు బెంగుళూరులోని కూలిపని, కాపలాపని, దుకాణాలలో, కార్యాలయాలలో చిన్న కొలువులే జీవనాధారమైనవి. పోవడానికి సుమారు నూరు కిలోమీటర్లు, రావడానికి నూరు కిలోమీటర్లు. వేలాదిమంది ఈ ప్రయాణాన్ని ప్రతిదినమూ చేస్తున్నారు. బెంగుళూరులోనే కాపురం పెట్టరాదా అని వారిని అడిగితే, ముందుగా అద్దె మాట, ఆపైన అడ్వాన్సు మాట ఎత్తుతారు.

ఈ రైళ్ళు వైట్‌ఫీల్డు, కృష్ణరాజపురం స్టేషన్ల మీదుగానే బెంగుళూరు చేరుతాయి. ఆ రెండు చోట్లా ఇప్పుడు మెట్రో రైలు కూడా ఉన్నది. వైట్‌ఫీల్డు, కృష్ణరాజపురం నడుమ మెట్రో 2023 మార్చి 25న ప్రారంభమైనది. కృష్ణరాజపురం నుండి బయ్యప్పనహళ్ళి వరకు మిగిలిన భాగం అదే సంవత్సరం అక్టోబరు 9న పూర్తికావడంతో నగరం నడిబొడ్డు వరకు దారి ఏర్పడినది. రైలు ఎక్కక తప్పనివారు స్టేషను దగ్గర ఉండలేకపోవడం, స్టేషను దగ్గర ఉండగలవారికి సొంత కారు ఉండటం ఎందువల్ల జరుగుతున్నది? ప్రజాధనంతో నిర్మించిన రైలు పక్కన కాపురముండే అవకాశం ఎవరికి దక్కాలి? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రవాణా కేంద్రిత అభివృద్ధి అనగానేమి?

స్టేషనుకు నడిచిపోగల దూరంలో ఇళ్ళు, దుకాణాలు, బడులు, ఆసుపత్రులు, కార్యాలయాలు కలిసి ఉండేలా పట్టణాన్ని తీర్చడాన్ని నిపుణులు రవాణా కేంద్రిత అభివృద్ధి అంటున్నారు. కేంద్ర ప్రభుత్వం 2017లో దీనిపై ఒక జాతీయ విధానాన్ని ప్రకటించినది. దాని ప్రకారం స్టేషను చుట్టూ 500 నుండి 800 మీటర్ల వరకు, అనగా పది పన్నెండు నిమిషాల నడక దూరం వరకు, ప్రభావ ప్రాంతంగా గుర్తించాలి. ఆ ప్రాంతంలో ఎక్కువ అంతస్తులకు అనుమతి ఇవ్వాలి.

ఈ అనుమతిని నిర్మాణ విస్తీర్ణ నిష్పత్తితో కొలుస్తారు. వేయి చదరపు అడుగుల స్థలంలో నిష్పత్తి 1 అయితే అన్ని అంతస్తులూ కలిపి వేయి చదరపు అడుగులు కట్టవచ్చును. నిష్పత్తి 3 అయితే అదే స్థలంలో మూడు వేల చదరపు అడుగులు కట్టవచ్చును. స్టేషను చుట్టూ జనం ఎక్కువగా నివసిస్తే రైలుకు ప్రయాణికులు పెరుగుతారు, రోడ్ల మీద వాహనాలు తగ్గుతాయి, ఊరి చుట్టూ ఉన్న పొలాలు, చెరువులు మిగులుతాయి. ఆలోచన మంచిదే.

పేదలే ప్రజారవాణాపై ఎక్కువగా ఆధారపడతారు గనుక, ప్రభావ ప్రాంతంలో అనుమతించిన నిర్మాణంలో కనీసం 30 శాతం సామాన్యులకు అందుబాటు ధరలో ఉండే ఇళ్ళకు కేటాయించాలని అదే విధానం సూచించినది. అయితే పట్టణాభివృద్ధి రాష్ట్రాల పరిధిలోని విషయం. కేంద్రం సూచన చేయగలదే గాని, దానిని నియమంగా మార్చవలసినవి రాష్ట్రాలు, నగర సంస్థలే.

ధర ఎందుకు పెరుగుతుంది?

భూమి ధర రైలు నడిచిననాడు మాత్రమే పెరగదు. మార్గం ఖరారైనదన్న వార్త వచ్చిననాడే పెరుగుతుంది. అంతస్తుల పరిమితి పెంచిననాడు మరొక మెట్టు ఎక్కుతుంది. ఈ రెండు పెరుగుదలలకూ స్థలం యజమాని చేసిన కృషి ఏమీ లేదు. రైలు ప్రజలది, అనుమతి ప్రభుత్వానిది. లాభం మాత్రం స్థలం ఉన్నవానిది. అద్దెకు ఉన్నవాడికి ఇదే పెరుగుదల నష్టంగా పరిణమిస్తుంది. పాత పెంకుటింటిని, వరుస గదుల వఠారాన్ని పడగొట్టి యజమాని ఎత్తయిన భవనం కట్టిస్తాడు. అందులో ఒక్కొక్క వాటా అద్దె పాత అద్దెకు అనేక రెట్లు ఉంటుంది. బెంగుళూరులో పది నెలల అద్దెను అడ్వాన్సుగా తీసుకొనే వాడుక చిరకాలంగా ఉన్నది. ఆ మొత్తం కూడగట్టలేని కుటుంబం ఆ వీధిని విడిచిపోక తప్పదు.

ఇంటి ఖర్చును, ప్రయాణపు ఖర్చును విడివిడిగా చూస్తే అసలు భారం కనబడదు. లెక్క అర్థం కావడానికి ఊహాత్మకమైన అంకెలు తీసుకొందాం. నెలకు 20,000 రూపాయల ఆదాయం గల కుటుంబానికి మూడు దారులున్నవి. స్టేషను పక్కన ఉంటే అద్దె 9,000, ప్రయాణం 1,000, మొత్తం 10,000. రైలు గాని, సరియైన బస్సు గాని లేని నగర శివారులో ఉంటే అద్దె 6,000, మోటారు సైకిలు వాయిదా, పెట్రోలు కలిపి 4,000, మొత్తం మళ్ళీ 10,000. నూరు కిలోమీటర్ల దూరంలోని సొంత ఊరిలో ఉంటే అద్దె, రైలు పాసు, బస్సు అన్నీ కలిపి 4,500. మూడవ దారి చవక. కాని రోజుకు ఐదు గంటల చొప్పున 25 పనిదినాలకు 125 గంటలు రైలులోనే గడుస్తాయి. అనగా ఆ కుటుంబం అద్దెలో కొంత భాగాన్ని రూపాయలలో గాక ఆయుష్షులో చెల్లిస్తున్నది. పిల్లల చదువు చూసే వేళ, జబ్బుపడితే ఆసుపత్రికి పోయే వేళ ఆ గంటలలోనే కరిగిపోతున్నది.

ఫ్రూట్‌వేల్ చెప్పే పాఠం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఓక్లాండు నగరంలో ఫ్రూట్‌వేల్ అనే పేట ఉన్నది. మెక్సికో తదితర దేశాల నుండి వచ్చిన శ్రామిక కుటుంబాలు అక్కడ ఎక్కువ. 1990ల ఆరంభంలో రైలు సంస్థ అక్కడి స్టేషను వద్ద కార్లు నిలిపేందుకు బహుళ అంతస్తుల కట్టడం నిర్మించదలచినది. అది తమ వీధిని స్టేషను నుండి వేరుచేస్తుందని స్థానికులు అభ్యంతరం తెలిపినారు. 1964 నుండి ఆ పేటలో పనిచేస్తున్న యూనిటీ కౌన్సిల్ అనే సంస్థ ముందుండి, ప్రజల చేతనే వేరొక ప్రణాళిక చేయించినది. దాని ఫలితంగా 2004లో స్టేషను ముంగిట ఒక చిన్న పేట ప్రారంభమైనది. వైద్యశాల, గ్రంథాలయం, వృద్ధుల కేంద్రం, శిశు సంరక్షణ కేంద్రం, దుకాణాలు, వాటి పైన 47 అద్దె ఇళ్ళు అందులో ఉన్నవి.

అయితే ఆ 47 ఇళ్ళలో అల్పాదాయ వర్గాలకు దక్కినవి 10 మాత్రమే. పేరుపొందిన ఈ ప్రయత్నంలో సైతం మొదటి దశ ఫలితం అంతే. ఆ తరువాత 2010ల చివరలో పక్కనే, కార్లు నిలిపిన స్థలంలో, 94 ఇళ్ళు అందుబాటు అద్దెలతో నిర్మితమైనవి. ఇది ఎలా సాధ్యమైనదని ఆలోచించాలి. ఆ స్థలం అప్పటివరకు ప్రైవేటు చేతులలోకి పోకుండా ప్రజల స్వాధీనంలోనే నిలిచి ఉన్నది. భూమి చేతిలో ఉన్నంతకాలం పొరపాటును దిద్దుకోవచ్చును. అమ్ముకొన్న తరువాత దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

మన చేరువలోని రెండు అనుభవాలు

2017 నవంబరు 28న ప్రారంభమైన హైదరాబాదు మెట్రోలో, నిర్మాణ వ్యయాన్ని కొంత రాబట్టుకొనేందుకు స్టేషన్ల వద్ద భూమిని వాణిజ్యానికి వాడుకొనే హక్కును ప్రైవేటు సంస్థకు ఇచ్చినారు. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీల వద్ద అవి మాళ్ళుగా రూపొందినవి. రైలుకు రాబడి కావలసినదే. కాని స్టేషను భూమిని రాబడి కోణంలోనే చూస్తే అక్కడ పనిచేసే ఊడ్చేవారికి, కాపలాదారులకు నిలువనీడ ఆ దరిదాపులలో దొరకదు.

చెన్నైలో దీనికి విలోమంగా జరిగినది. నదుల, కాలువల గట్లపై నివసించిన కుటుంబాలను 2000 నుండి కణ్ణగి నగరుకు, ఆ తరువాత పెరుంబాక్కానికి తరలించినారు. ఇళ్ళు ఇచ్చినారు. కాని నగరంలో వారు చేసుకొనే పనులకు అవి చాలా దూరం. 2007లో వేళచ్చేరి చేరిన నగర రైలు ఆ కాలనీల వరకు పోలేదు. ఇళ్ళలో పనిచేసే స్త్రీలు అనేకులు పనులు కోల్పోయినారు. హైదరాబాదులో రైలు వచ్చినది గాని పక్కన పేదకు ఇల్లు రాలేదు. చెన్నైలో ఇల్లు వచ్చినది గాని పక్కకు రైలు రాలేదు. రెండింటినీ ఒకే ప్రణాళికలో చూడకపోవడమే రెండు చోట్లా జరిగిన లోపం.

ఏ నియమాలు కావాలి?

మొదటిది, స్టేషను పరిసరాలలోని ప్రభుత్వ భూమిని విక్రయించరాదు. దీర్ఘకాలిక లీజుకు ఇచ్చి, అందులో అందుబాటు ఇళ్ళను షరతుగా పెట్టాలి.

రెండవది, అదనపు అంతస్తులు కోరే ప్రతి నిర్మాణంలోనూ పేదల వాటా అదే స్థలంలో ఉండాలి. ఊరవతల కట్టి ఇస్తామంటే ఒప్పుకోరాదు.

మూడవది, కొనుగోలు ఇళ్ళతో పాటు అద్దె ఇళ్ళు, ఒంటరి శ్రామికులకు గదులు ఉండాలి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసినది. రాష్ట్రాలు దానిని స్వీకరించి అమలు చేస్తే పేద కుటుంబానికి పెద్ద అడ్డంకి తొలగుతుంది.

నాలుగవది, స్టేషను ముంగిట పూలు, పండ్లు, టిఫిను అమ్ముకొనేవారికి స్థానం చూపాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో 40 శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలి. సర్వే ముగియకుండా ఎవరినీ తొలగించరాదు.

అయిదవది, స్టేషనుకు చేరే దారి. కాలిబాట, అనుసంధాన బస్సు, భరించగల చార్జీ లేకపోతే పక్కనున్న రైలు కూడా అందని పండే. 2025 ఫిబ్రవరిలో బెంగుళూరు మెట్రో గరిష్ఠ చార్జీ 60 రూపాయల నుండి 90 రూపాయలకు పెరిగినది. మరొకవైపు 2023 జూన్ 11న కర్ణాటకలో మొదలైన స్త్రీల ఉచిత బస్సు ప్రయాణం ఎందరికో స్టేషను వరకు పోయే ఖర్చును తప్పించినది.

30 శాతం వాటా పెడితే తమకు గిట్టుబాటు కాదని బిల్డర్లు అనవచ్చును. భూమిని అధిక ధరకు కొన్న తరువాత నియమం వస్తే వారి మాటలో కొంత నిజమున్నది. నియమం ముందే ఉంటే బిల్డరు ఆ వాటాను లెక్కలో చూసుకొనే భూమికి ధర కడతాడు. భారం ఇల్లు కొనేవారిపై గాక, శ్రమ లేకుండా పెరుగుతున్న భూమి ధరపై పడుతుంది. కనుకనే నియమం ఏమిటన్నది ఎంత ముఖ్యమో, అది ఎప్పుడు వస్తుందన్నది అంతే ముఖ్యం. స్టేషను తెరిచిన తరువాత వచ్చే నియమం కాగితానికే పరిమితమవుతుంది.

మనం చేయవలసినది

ఇది సరిహద్దు తెలుగువారికి దూరపు సంగతి కాదు. బెంగుళూరు మెట్రో 2025 ఆగస్టు 10న బొమ్మసంద్ర చేరినది. అక్కడి నుండి తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న హోసూరు వరకు పొడిగించాలన్న మాట చాలాకాలంగా వినబడుతున్నది. 148 కిలోమీటర్ల బెంగుళూరు సబర్బన్ రైలు పథకానికి 2022 జూన్ 20న శంకుస్థాపన జరిగినది. అందులో ఒక మార్గం కెంగేరి నుండి వైట్‌ఫీల్డు వరకు వస్తుంది. ఆ స్టేషన్ల చుట్టూ నియమాలు రాసే సమయం ఇదే.

మాస్టరు ప్లాను ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరాలు, సూచనలు ఇచ్చేందుకు ప్రజలకు గడువు ఉంటుంది. ఆ ప్రకటనలు కన్నడంలోనో తమిళంలోనో వస్తాయి. చదువుకొన్న యువకులు వాటిని తెలుగులో వివరించి, మన సంఘాల ద్వారా, ఇరుగుపొరుగు భాషలవారితో కలిసి, రాతపూర్వకంగా సూచనలు పంపాలి. రైలుపెట్టెలో అందరూ ఒకరి భుజానికి ఒకరు ఆనుకొనే నిలబడుతున్నారు. ఈ విజ్ఞప్తిలో భాషాభేదానికి తావు లేదు. మారికుప్పం రైలులో ఈనాడు నిద్రమొగంతో నిలబడే తల్లి బిడ్డయినా, పనిచేసే చోటికి పది నిమిషాల నడకలో కాపురం పెట్టగలగాలంటే, ఆ విజ్ఞప్తి పునాదిరాయి కంటే ముందే అధికారుల బల్లపైకి చేరాలి.