పతకం అంచున ఓ పేరు

యుద్ధాల పాఠమంటే తేదీల బట్టీయే అనుకునే పిల్లల చేతిలో ఓ పాత పతకం పెడితే? బ్రిటన్‌లో కొందరు చరిత్ర టీచర్లు చేస్తున్నది అదే.

మహావీరుల పతకాలేం కావవి. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన మామూలు సైనికులకు ఇచ్చినవే. కాకపోతే అంచు చుట్టూ నంబరు, పేరు, దళం ముద్రించి ఉంటాయి. భూతద్దంతో అవి చదవడంతో వేట మొదలు. సర్వీసు ఫైలు దొరికితే అదృష్టమే... 1940 సెప్టెంబరులో లండన్‌పై పడ్డ జర్మన్ బాంబులకు సగానికి పైగా ఫైళ్లు కాలిపోయాయి మరి! ఆ సైనికుడు యుద్ధంలోనే చనిపోయి ఉంటే కామన్వెల్త్ యుద్ధసమాధుల సంస్థ రికార్డులే ఆధారం. సమాధి ఎక్కడుందో తెలుస్తుంది. చాలాసార్లు వయసూ ఉంటుంది. పంతొమ్మిదేళ్లని చదివిన పిల్లాడికి ఇంట్లో అన్నయ్య గుర్తుకొస్తాడు. కొన్నిటిలో అమ్మానాన్నల చిరునామా కూడా. ఆ వీధి ఒక్కోసారి బడి పక్కదే!